ముక్కును పెద్దది చేసింది లెన్స్ కాదు

సెల్ఫీ తీసుకోగానే చూపు ముందు ముక్కు మీదే ఆగుతుంది. అద్దంలో ఇంత లేదే అనిపిస్తుంది. ఫోన్ కెమెరా మంచిది కాదనో, వైడ్ యాంగిల్ లెన్స్ ముఖాన్ని సాగదీసిందనో సర్దిచెప్పుకుంటాం. ఫోటోగ్రఫీ నేర్పేవాళ్లు కూడా చాలాసార్లు ఇలాగే చెబుతారు: పోర్ట్రెయిట్ (మనిషి ముఖమే ప్రధానంగా ఉండే ఫోటో) తీయాలంటే 85 మి.మీ. లెన్స్ కొనుక్కోండి, ముఖం చక్కగా వస్తుంది అని. సలహాలో తప్పు లేదు, చెప్పిన కారణంలోనే ఉంది. ముక్కును పెంచింది లెన్స్ కాదు, మన చెయ్యి పొడవు.

చిన్న లెక్క వేసి చూద్దాం. ముక్కు కొన నుంచి చెవి దాకా వెనక్కి కొలిస్తే సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది. కెమెరాను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పెడితే చెవి 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, చెవితో పోలిస్తే ముక్కు దాదాపు 40 శాతం పెరిగి కనిపిస్తుంది. అదే మనిషిని మీటరున్నర దూరం నుంచి తీస్తే ఈ తేడా 8 శాతానికి పడిపోతుంది. 3 మీటర్లకు వెళ్తే 4 శాతమే. 2018లో అమెరికాలో ముఖ శస్త్రచికిత్సకు సంబంధించిన ఒక వైద్య పత్రికలో ఇదే విషయం మీద లెక్కగట్టిన పరిశోధన వచ్చింది. 5 అడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని అందులో తేల్చారు. సెల్ఫీలు చూసుకుని ముక్కుకి ఆపరేషన్ చేయమని అడిగేవాళ్లకి చెప్పడానికి డాక్టర్లకు ఒక అంకె దొరికింది.

లెన్స్ మీది మి.మీ. అంకె పెరిగేకొద్దీ ఫ్రేమ్‌లో పట్టే మేర తగ్గుతుంది, తక్కువ అంకె ఉన్నవి వైడ్ లెన్స్‌లు. మరి 85 మి.మీ. లెన్స్ చేసేదేమిటి? మనల్ని వెనక్కి నడిపిస్తుంది, అంతే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను (వెలుగును పట్టే పలక, అంటే సెన్సర్, 36 మి.మీ. వెడల్పున్నది) నిలువుగా పట్టుకుని 2 మీటర్ల దూరంలో నిలబడితే ఈ లెన్స్ ఫ్రేమ్‌లోకి దాదాపు 85 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అంటే తల నుంచి నడుము దాకా. అదే చోట నిలబడి 35 మి.మీ. లెన్స్ పెడితే మనిషి నిలువెల్లా కనిపిస్తాడు, ముఖం చిన్నదైపోతుంది. ముఖాన్ని ఫ్రేమ్ నిండా నింపాలన్న ఆత్రంతో మనం ముందుకు జరుగుతాం. అలా జరిగినప్పుడే ముక్కు పెరుగుతుంది. 35 మి.మీ. లెన్స్‌తో 2 మీటర్ల నుంచే తీసి, తర్వాత ముఖం వరకు కత్తిరించి చూడండి. 85తో తీసిన ముఖమూ ఇదీ ఆకారంలో ఒకేలా ఉంటాయి, నాణ్యత మాత్రం తగ్గుతుంది. వైడ్ లెన్స్‌కి సొంత దోషం ఒకటి లేకపోలేదు. ఫ్రేమ్ అంచుల్లో ఉన్నవాటిని పక్కకి సాగదీస్తుంది. గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డవాళ్లు తాము లావుగా పడ్డామని గొడవ చేస్తారే, వాళ్లు చెప్పేది నిజమే.

దూరపు కొండలు నునుపు అంటారు కానీ, ముఖాల విషయంలో మరీ దూరం కూడా మంచిది కాదు. 10 మీటర్ల నుంచి, దూరంలోవి దగ్గరికి తెచ్చే పెద్ద టెలీ లెన్స్‌తో లాగితే ముక్కుకీ చెవికీ తేడా దాదాపు పోయి ముఖం పలకలా కనిపిస్తుంది, చెవులు బయటకు వచ్చినట్టుంటాయి. మీటరున్నర నుంచి 3 మీటర్ల దాకా ఉన్న దూరం చాలా ముఖాలకు నప్పుతుంది. మనం మామూలుగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే దూరమూ దానికి దగ్గర్లోనే ఉంటుంది. ఎదుటివాళ్ల ముఖాలను మనం గుర్తుపెట్టుకునేది ఆ దూరం నుంచే కాబట్టి, అదే సహజమని అనిపిస్తుంది కాబోలు.

ఫోన్‌తో తీసేవాళ్లకి కూడా ఇదే సూత్రం. ఫోన్‌లో ప్రధాన కెమెరా బాగా వైడ్. అందుకే మనకు తెలియకుండానే ముఖం మీదికి వెళ్లిపోతాం. 2 రెట్లు లేదా 3 రెట్ల జూమ్ నొక్కి, రెండడుగులు వెనక్కి వేయండి. జూమ్ నొక్కి ఉన్నచోటే ఉండిపోతే ముఖం ఫ్రేమ్‌లో పట్టదు, ఎలాగూ వెనక్కి జరగక తప్పదు. జూమ్ వల్ల కలిగే మేలంతా ఆ జరగడంలోనే ఉంది.

కన్ను ఒకటే చాలదు

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు రెండో లెన్స్‌గా తెచ్చుకునేది ఎఫ్ 1.8 అపెర్చర్ ఉన్న ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేనిది. అపెర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది. తెచ్చిన రోజు నుంచి దాన్ని ఎఫ్ 1.8 దగ్గరే పెట్టి వదిలేస్తారు. నేనూ అదే చేశాను. బ్యాక్‌గ్రౌండ్ వెన్నలా కరిగిపోతుంటే ఎవరికి మాత్రం ఆపాలనిపిస్తుంది? ఆ ఫోటోలను తర్వాత పెద్ద తెర మీద చూసినప్పుడు గుండె జారింది. ఒక కన్ను తళతళా మెరుస్తోంది, రెండో కన్ను మసక.

ఎందుకలా అయిందో లెక్క చెబుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 85 మి.మీ. లెన్స్ పెట్టి, ఎఫ్ 1.8 దగ్గర, మీటరున్నర దూరం నుంచి తీస్తే స్పష్టంగా కనిపించే మందం మొత్తం సుమారు మూడున్నర సెంటీమీటర్లు. దీన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. మనిషి ముఖాన్ని 45 డిగ్రీలు పక్కకి తిప్పితే రెండు కళ్లలో ఒకటి కెమెరాకు రెండో దానికంటే నాలుగున్నర సెంటీమీటర్లు దగ్గరవుతుంది. మూడున్నరలో నాలుగున్నర పట్టదు. పైగా ఊపిరి తీస్తూ వదులుతూ మనమూ ఎదుటివాళ్లూ కాస్త ఊగుతూనే ఉంటాం. అపెర్చర్‌ను ఎఫ్ 4 చేస్తే ఆ మందం ఏడున్నర సెంటీమీటర్లకు పెరుగుతుంది, రెండు కళ్లూ దక్కుతాయి. ఒక్క కన్నే దక్కేట్టుంటే కెమెరాకు దగ్గరగా ఉన్న కన్ను మీద ఫోకస్ పెట్టాలి. దూరపు కన్ను స్పష్టంగా ఉండి దగ్గరి కన్ను మసకబారితే చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది, ఏమిటన్నది చెప్పలేరు.

ఎఫ్ 4 పెడితే బ్యాక్‌గ్రౌండ్ మసక పోతుందేమోనన్న బెంగ ఉంటుంది. మనిషిని గోడకి ఆనించి నిలబెడితే ఎఫ్ 1.4 పెట్టినా ఆ గోడ మసకబారదు. అదే గోడకు 5 మీటర్లు ముందుకు తీసుకొస్తే ఎఫ్ 4 దగ్గర కూడా కరిగిపోతుంది. డబ్బు పెట్టి కొనే అపెర్చర్ కంటే ఉచితంగా వచ్చే ఈ దూరానికి బలం ఎక్కువ. ఈ ఒక్క మాట నాకు మొదట్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

అసలు వెనక మసక అన్నది మొదట ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన 1839లో ఒక్క ఫోటోకి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది, తల కదలకుండా వెనక ఇనుప పట్టీ పెట్టేవారు. 1840లో వియన్నాలో గణితం బోధించే జోసెఫ్ పెట్జ్‌వాల్ పోర్ట్రెయిట్ల కోసమే లెక్కలు కట్టి ఒక లెన్స్ రూపొందించాడు. అపెర్చర్ సుమారు ఎఫ్ 3.6. అప్పటి లెన్స్‌ల కంటే పది రెట్లకు పైగా వెలుగు లోపలికి రానిచ్చేది. దానికొక లోపం ఉండేది. మధ్యలో స్పష్టంగా, అంచుల్లో మసకగా పడేది. ముఖం మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఆ లోపం కలిసొచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఆ మసకను లెక్కలతో అతికిస్తోంది. ఫోన్ సెన్సర్ చాలా చిన్నది కావడంతో దానికి సహజంగా అంత మసక రాదు. అందుకే మనిషి ఎక్కడ అయిపోయి వెనకభాగం ఎక్కడ మొదలైందో ఫోనే ఊహించుకోవాలి. ఎగిరే వెంట్రుకల దగ్గర, కళ్లజోడు అంచు దగ్గర ఆ ఊహ తప్పుతుంది. ఫోటో పంపే ముందు ఆ రెండు చోట్లా ఒకసారి జూమ్ చేసి చూసుకోవడం మంచిది.

సూర్యుడు చిన్న దీపమే

వెలుగు గురించి చెప్పేటప్పుడు మెత్తని వెలుగు, గట్టి వెలుగు అంటారు. నీడ అంచు కత్తితో గీసినట్టుంటే గట్టి వెలుగు, మెల్లగా కలిసిపోతే మెత్తని వెలుగు. దీన్ని తేల్చేది దీపం అసలు పరిమాణం కాదు, ముఖం దగ్గర నుంచి చూస్తే అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది. సూర్యుడి వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు. కానీ 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండటంతో ఆకాశంలో అర డిగ్రీ బిళ్లలా కనిపిస్తాడు. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండలో నీడలు అంత కఠినంగా పడతాయి, కళ్ల గుంటలు నల్లబడతాయి. మీటరు వెడల్పున్న కిటికీ పక్కన కూర్చున్న మనిషికి ఆ కిటికీ సూర్యుడి కంటే ఎన్నో రెట్లు పెద్దది. కిటికీలోంచి నేరుగా ఎండ పడకూడదు, ఆకాశపు వెలుగు మాత్రమే రావాలి.

కిటికీకి దగ్గరగా కూర్చోబెడితే వెలుగు మెత్తగా ఉంటుంది, వెనక గది చీకటిగా పడుతుంది. దీనికీ దూరమే కారణం. చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. ముఖం దీపానికి 1 మీటరు దూరంలో, గోడ 3 మీటర్ల దూరంలో ఉంటే గోడ మీద పడేది తొమ్మిదో వంతు. దీపాన్ని వెనక్కి జరిపి, ముఖానికి 3 మీటర్లు, గోడకి 5 మీటర్లు అయ్యేలా పెడితే గోడకి మూడో వంతుకు పైగా అందుతుంది. మనిషీ కదల్లేదు, గోడా కదల్లేదు. దీపం రెండు మీటర్లు జరిగితే నల్లటి బ్యాక్‌గ్రౌండ్ కాస్తా బూడిద రంగుకు వచ్చింది. కిటికీ పెద్దది కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా కుదరదు కానీ, తీరు ఇదే.

ముఖాన్ని కిటికీకి ఎదురుగా పెడితే చర్మం నున్నగా వస్తుంది, ఆకారం చదునవుతుంది. పక్కనుంచి వెలుగు పడితే ముడతలు, గరుకుదనం అన్నీ లేచి కనిపిస్తాయి. ఈ రెంటికీ మధ్య, సుమారు 45 డిగ్రీల దగ్గర, చీకటి వైపు చెంప మీద కంటి కింద చిన్న త్రికోణంలా వెలుగు మిగులుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో దాన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. చీకటి వైపు మరీ నల్లగా ఉంటే ఆ పక్కన ఒక తెల్ల థర్మోకోల్ షీట్ పట్టుకుంటే సరిపోతుంది. అన్నిటికంటే ముందు కంటిపాపలో మెరిసే చుక్క ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఎంత మంచి ముఖమైనా నిద్రలో ఉన్నట్టుంటుంది.

మనిషితో దూరం గురించి కూడా రెండు మాటలు. కెమెరా ఎదురుగా పెట్టగానే చాలామంది బిగుసుకుపోతారు. గడ్డం కాస్త ముందుకు, కొంచెం కిందికి పెట్టమంటే మెడ చక్కగా వస్తుంది. భుజాలు నేరుగా కాకుండా కాస్త పక్కకి తిప్పమంటే మనిషి గోడలా కనిపించడు. అంతకుమించి నేను సూచనలు ఇవ్వను, ఇచ్చేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. "అయిపోయిందండీ" అని చెప్పి కెమెరా కిందికి దించబోతూ తీసిన ఫోటోయే చాలాసార్లు బాగా కుదురుతుంది. 1941 డిసెంబరులో కెనడాలోని ఒట్టావాలో ఫోటోగ్రాఫర్ యూసఫ్ కార్ష్ అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ ఫోటో తీసేటప్పుడు ముందుకెళ్లి ఆయన నోట్లో చుట్టను లాగేసి, వెనక్కి వచ్చి షట్టర్ నొక్కాడు. ఆ కోపపు చూపే చర్చిల్‌కి శాశ్వతమైన ముఖమైపోయింది. అందరి దగ్గరా ఈ పని చేయకండి.

మిల్లీమీటరు లోకం

క్లోజప్‌కి వచ్చేసరికి ఇప్పటిదాకా చెప్పిన నియమాలే ఉంటాయి, అంకెలు మాత్రం కుంచించుకుపోతాయి. బాగా దగ్గర నుంచి తీయడానికి చేసిన మాక్రో లెన్స్ మీద 1:1 అని రాసి ఉంటుంది. వస్తువు అసలు ఎంత పరిమాణంలో ఉందో సెన్సర్ మీద అంతే పడుతుందని దానర్థం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. కాబట్టి 1:1 దగ్గర ఫ్రేమ్‌లో పట్టేదీ అంతే, పెద్ద తపాలా బిళ్లంత. ఫోటోను తెర మీద ఎంత పెద్దది చేసి చూస్తామన్నది వేరే సంగతి. ఆ మాటకొస్తే పెట్టెల మీద మాక్రో అని రాసి ఉన్న జూమ్ లెన్స్‌లలో చాలావాటికి 1:1 రాదు, 1:4 దగ్గర ఆగిపోయేవి ఎన్నో. కొనేముందు ఆ అంకె చూడాలి.

ఇక్కడ అందరూ తికమకపడే చోటు ఒకటుంది. లెన్స్ కనీస ఫోకస్ దూరం 30 సెంటీమీటర్లు అని రాస్తే, అది వస్తువు నుంచి సెన్సర్ దాకా కొలిచిన దూరం. 100 మి.మీ. మాక్రో లెన్స్‌లో ఆ 30 సెంటీమీటర్లలో సగానికి పైగా కెమెరా శరీరమూ లెన్సూ మింగేస్తాయి. లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య మిగిలేది 14 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. 60 మి.మీ. మాక్రోతో ఇంకా తక్కువ. పువ్వులకైతే ఇబ్బంది లేదు. సీతాకోకచిలుక మాత్రం మీ నీడ పడగానే లేచిపోతుంది. ఫోన్‌లో మాక్రో మోడ్ 2 సెంటీమీటర్ల దాకా వెళ్లనిస్తుంది కానీ, అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడే వస్తువు మీద పడుతుంది. వెలుగును పక్కనుంచి తెచ్చుకోవాలి.

స్పష్టత మందం సంగతికి వద్దాం. 1:1 దగ్గర ఎఫ్ 8 పెడితే అది దాదాపు 1 మిల్లీమీటరు. ఎఫ్ 16కి వెళ్తే 2 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. పోర్ట్రెయిట్‌లో రెండు కళ్లు పట్టడం లేదని బాధపడ్డాం, ఇక్కడ చీమ తలే పట్టదు. పోనీ ఎఫ్ 32 పెట్టేద్దామంటే ఇంకో చిక్కు. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు పక్కలకు వ్యాపించి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. దీన్ని డిఫ్రాక్షన్ అంటారు. పైగా 1:1 దగ్గర లెన్స్ సెన్సర్‌కి దూరంగా జరగడం వల్ల అందే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కెమెరా మీద ఎఫ్ 16 అని ఉన్నా వెలుగు విషయంలోనూ డిఫ్రాక్షన్ విషయంలోనూ అది ఎఫ్ 32లా పనిచేస్తుంది. కొన్ని కెమెరాలు ఈ మార్పును అంకెల్లోనే చూపిస్తాయి, కొన్ని చూపించవు. నేనైతే ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఉండిపోతాను.

ఇంత పల్చని మందంతో నెగ్గుకొచ్చే దారి, దాన్ని ఎక్కడ పరచాలో ఎంచుకోవడం. ఫోకస్ పడేది ఒక పలకలాంటి తలం మీద, అది సెన్సర్‌కి సమాంతరంగా ఉంటుంది. రెక్కలు మూసుకుని కూర్చున్న సీతాకోకచిలుకను ఏటవాలుగా తీస్తే ఒక గీత మేరకే స్పష్టత. కెమెరా వెనకభాగం రెక్కకు సమాంతరంగా వచ్చేలా ఒంగి తీస్తే ఆ మిల్లీమీటరులోనే రెక్క మొత్తం సరిపోతుంది. సెట్టింగులేవీ మారలేదు, నిలబడిన కోణం మారింది.

ఫోకస్ రింగ్ తిప్పుతూ వెతకడం కూడా ఇక్కడ పనికిరాదు, తిప్పితే పరిమాణమూ మారిపోతుంది. ఎంత పెద్దగా కావాలో ముందే రింగ్ పెట్టేసి, ఒళ్లంతా మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతూ కన్ను తేటగా కనిపించిన క్షణంలో నొక్కాలి. నాలుగైదు వరుసగా నొక్కితే ఒకటైనా దక్కుతుంది. కదలని వస్తువైతే ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పదో ముప్ఫయ్యో తీసి సాఫ్ట్‌వేర్‌లో కలపొచ్చు. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. బతికున్న పురుగు మధ్యలో మీసం కదిపిందంటే ఆ వరుసంతా వృథా. తెల్లవారుజామున చలికి పురుగులు మందకొడిగా ఉంటాయి, ప్రయత్నించాలంటే అప్పుడే.

వెలుగు దగ్గర మాత్రం మాక్రోలో మనకు లాభమే. సెంటీమీటరంత పురుగుకి 10 సెంటీమీటర్ల దూరంలో అరచేతంత తెల్ల కాగితాన్ని ఫ్లాష్ ముందు పెడితే, దానికది కిటికీ కంటే పెద్దది. సూర్యుడు చేయలేని పని కాగితం ముక్క చేస్తుంది. ఆ వెలుగు 1 మీటరు దూరంలో ఉన్న ఆకుల మీద నూరో వంతే పడుతుంది. పట్టపగలు తీసిన మాక్రో ఫోటోల్లో వెనక చిమ్మచీకటి ఎలా వచ్చిందా అనుకుంటాం కదా, కారణం ఇదే. ఆ నలుపు నాకు అంతగా నచ్చదు, పురుగు రాత్రిపూట దొరికినట్టుంటుంది. వెనక ఒక పచ్చని ఆకును దగ్గరగా వచ్చేలా చూసుకుంటే నలుపు స్థానంలో రంగు నిండుతుంది.

మాక్రో లెన్స్ లేనివాళ్లకీ దారులున్నాయి. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్‌లో గాజేమీ ఉండదు, ఖాళీ గొట్టం. 50 మి.మీ. లెన్స్ వెనక 25 మి.మీ. ట్యూబ్ పెడితే వస్తువు సగం పరిమాణంలో సెన్సర్ మీద పడుతుంది, లెన్స్‌ను దగ్గరి ఫోకస్‌కి తిప్పితే ఇంకాస్త పెద్దగా. దూరంగా ఉన్నవి మాత్రం ఇక ఫోకస్ కావు.

ఇవేవీ కొనకముందు ఒక పని చేసి చూడండి. ఒక మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముఖం ఫ్రేమ్‌లో ఒకే పరిమాణంలో పడేలా జూమ్ మారుస్తూ 30 సెంటీమీటర్ల నుంచి, మీటరు నుంచి, 2 మీటర్ల నుంచి ఒక్కో ఫోటో తీయండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ముక్కును వదిలేసి చెవులు చూడండి. మొదటి ఫోటోలో చెంపల వెనక దాక్కున్నవి మూడో దాంట్లో బయటికి వచ్చి ఉంటాయి.